రోడ్ బైక్ ట్యూబు: ఏది కొనాలి, ఎలా ఎక్కించాలి, పంక్చర్ ఎందుకు అవుతుంది

టైరు బయట ఒక ట్యూబుకి గాలి కొట్టి చూడండి. నాలుగైదు పంపులకే బుడగలా ఉబ్బడం మొదలవుతుంది. ఇంకాస్త కొడితే ఒకచోట సొరకాయలా ఉబ్బి పగిలిపోతుంది. అదే ట్యూబు టైరులో ఉంటే 100 పీఎస్ఐ ఒత్తిడిని నిశ్చింతగా తట్టుకుంటుంది. అంటే ఒత్తిడిని మోసేది టైరూ రిమ్మూ మాత్రమే. ట్యూబు పని గాలిని బయటికి పోనివ్వకుండా పట్టుకోవడం వరకే. ఎక్కడ దానికి వెనక ఆసరా లేదో, అంటే స్పోకు రంధ్రం దగ్గరో, టైరుకి పడ్డ గాటు దగ్గరో, టైరు అంచుకీ రిమ్ముకీ మధ్యనో, అక్కడ అది బయటికి పొడుచుకొస్తుంది, చిరుగుతుంది. ట్యూబు ఎంపికైనా బిగింపైనా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

సైజు: టైరు పక్కన రాసి ఉన్న అంకెలు

రోడ్ బైక్ టైరు పక్కగోడ మీద 700×25సి అని ఒకటి, 25-622 అని ఇంకొకటి ఉంటాయి. రెండోదాన్నే నమ్మండి. 622 అంటే టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. 25 అంటే టైరు వెడల్పు. పాత రోడ్ సైకిళ్ల 27 అంగుళాల చక్రం 630, 650బి చక్రం 584. పేర్లు దగ్గరదగ్గరగా వినిపించినా ఈ టైర్లు ఒక రిమ్ము నుంచి ఇంకో రిమ్ముకి మారవు. ట్యూబు మాత్రం సాగుతుంది కాబట్టి అంత పట్టింపు లేదు. దారిలో వేరే గతి లేకపోతే 650బి ట్యూబుని 700సి టైరులో వేసుకుని ఇంటికి చేరొచ్చు. చేరాక మార్చేయాలి.

ట్యూబు పెట్టె మీద వెడల్పు ఒకే అంకెగా ఉండదు, 18-25, 20-28, 25-32 అని మేరలుగా ఉంటుంది. మీ టైరు ఆ మేరలో మధ్యన పడేలా చూసుకోండి. మరీ సన్నటి ట్యూబు పెద్ద టైరులో సాగి పల్చబడుతుంది. గాలి త్వరగా దిగుతుంది, చిన్న గాజు ముక్కకే తెగుతుంది, వేసిన ప్యాచ్ అంచులు లేస్తాయి. మరీ లావు ట్యూబుదైతే వేరే తంటా. సన్నటి టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే కొన్నాళ్లకి చీలుతుంది. పైగా ఎక్కించేటప్పుడు టైరు అంచు కింద ఇరుక్కుంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ మధ్య రిమ్ములు లోపలి వైపు 19 నుంచి 25 మి.మీ. వెడల్పుతో వస్తున్నాయి. అలాంటి వెడల్పాటి రిమ్ము మీద 25 అని రాసి ఉన్న టైరు నిజానికి 27, 28 కూడా ఉండొచ్చు. గాలి నింపి వెర్నియర్‌తో ఒకసారి కొలిచి, వచ్చిన అంకెను బట్టే ట్యూబు తీసుకోండి.

వాల్వు: రకం, పొడవు

రోడ్ బైక్ రిమ్ములకి దాదాపు ఎప్పుడూ ప్రెస్టా వాల్వే. సన్నటి కాడ, పైన తిప్పి వదులు చేసే చిన్న నట్టు ఉంటాయి. దీనికి రిమ్ములో 6 మి.మీ. రంధ్రం చాలు. మోటారు వాహనాలకి ఉండే ష్రేడర్ వాల్వుకి 8 మి.మీ. కావాలి. ష్రేడర్ పెట్టాలని రోడ్ రిమ్ము రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయకండి, సన్నటి రిమ్ము ఆ చోట బలం కోల్పోతుంది. 8 మి.మీ. రంధ్రంలో ప్రెస్టా పెట్టాల్సి వస్తే మధ్యలో చిన్న బుషింగ్ వేయండి. లేకపోతే ట్యూబు ఆ సందులోకి ఉబ్బి కాడ మొదట్లో తెగుతుంది.

పొడవు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. రిమ్ము లోతుకి, అంటే టైరు వైపు అంచు నుంచి చక్రం మధ్య వైపు అంచు దాకా ఉండే కొలతకి, కనీసం 15 మి.మీ. కలపండి. పంపు తల పట్టుకోవడానికి ఆ మాత్రం బయటికి రావాలి. 25 మి.మీ. లోతు రిమ్ముకి 40 లేదా 42 మి.మీ. వాల్వు, 30కి 48, 40 నుంచి 45 వరకు 60, 50 నుంచి 60 లోతుకి 80. రెండు చక్రాల రిమ్ములూ వేర్వేరు లోతుల్లో ఉంటే, వెంట తీసుకెళ్లే స్పేరు ట్యూబు లోతైన రిమ్ముకి సరిపోయేదే ఉండాలి. పొడుగు వాల్వు చిన్న రిమ్ములో వికారంగా కనిపిస్తుందేమో కానీ పని చేస్తుంది. పొట్టి వాల్వు లోతైన రిమ్ములో దేనికీ పనికిరాదు.

వాల్వు చాలకపోతే దాన్ని పొడిగించే ఎక్స్‌టెండర్లు దొరుకుతాయి. వాల్వు కోర్ (కాడలో ఉండి గాలిని ఆపే భాగం) విప్పి, ఎక్స్‌టెండర్ బిగించి, కోర్‌ని దాని కొసన పెట్టే రకం తీసుకోండి. మరలకి ప్లంబర్లు వాడే తెల్ల టేపు రెండు చుట్లు చుడితే గాలి కారదు. వాల్వు తెరిచి ఉంచి పైన తగిలించే రకం కూడా ఉంది. దాన్లో గాలి పూర్తిగా ఎక్కిందో లేదో ఒత్తిడి ముల్లు సరిగ్గా చెప్పదు, నట్టు కొంచెం కదిలితే లోపలే మూసుకుపోతుంది.

కోర్ విప్పదగినదా కాదా తెలుసుకోవాలంటే నట్టు కింద చూడండి. రెండు వైపులా చదును చేసి ఉంటే విప్పొచ్చు. అలాంటి కోర్‌ని కొత్త ట్యూబు వేసేముందే చిన్న కీతో బిగించేయండి. మరలు తిప్పి తగిలించే పంపు గొట్టాన్ని విప్పేటప్పుడు దాంతోపాటే కోర్ కూడా ఊడి, కొట్టిన గాలంతా ఒక్కసారిగా పోవడం ఈ వదులు కోర్ వల్లే.

బ్యూటైల్, లేటెక్స్, టీపీయూ

బ్యూటైల్ రబ్బరు ట్యూబు మామూలుది. 25 మి.మీ. టైరుకి సుమారు 100 గ్రాములు, పల్చటివి 65 నుంచి 80. గాలిని బాగా పట్టి ఉంచుతుంది, వారానికోసారి పంపు వేస్తే చాలు. ప్యాచ్ తేలిగ్గా అతుక్కుంటుంది. కారణం ప్రత్యేకంగా ఏమీ లేకపోతే ఇదే తీసుకోండి. మరీ పల్చటి బ్యూటైల్ మీద డబ్బు పెట్టడం మాత్రం వృథా. తగ్గే 30 గ్రాములు తొక్కుడులో తెలియవు, పంక్చర్లు తెలుస్తాయి.

లేటెక్స్ మెత్తగా సాగుతుంది. చక్రం దొర్లుతుంటే టైరుతోపాటే వంగుతుంది కాబట్టి శక్తి తక్కువ వృథా అవుతుంది, రెండు చక్రాలకీ కలిపి కొన్ని వాట్లు మిగులుతాయి. కానీ గాలి రోజూ దిగుతుంది, ప్రతి ఉదయం కొట్టాల్సిందే. నూనె తగిలితే పాడవుతుంది. రిమ్ము బ్రేకులున్న కార్బన్ చక్రాల్లో లేటెక్స్ వాడొద్దని చాలామంది తయారీదారులు చెప్తారు, బ్రేకు వేడికి ట్యూబు పగలొచ్చు.

టీపీయూ అంటే పల్చటి ప్లాస్టిక్ ట్యూబు. 25 నుంచి 40 గ్రాములు, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా మడతపడుతుంది. స్పేరుగా దీనికి సాటి లేదు. అయితే మూడు జాగ్రత్తలు. టైరు బయట గట్టిగా గాలి కొట్టకూడదు, రబ్బరులా తిరిగి ముడుచుకోదు, సాగినంత సాగే ఉంటుంది. అందుకే వెడల్పు టైరులో వాడినదాన్ని సన్నటి టైరులోకి మార్చితే మడతలు పడతాయి. మామూలు సొల్యూషన్, రబ్బరు ప్యాచ్ దీనికి పట్టవు, దానికంటూ వచ్చే ప్యాచ్ ఉండాలి. రిమ్ము బ్రేకులతో వాడొచ్చో లేదో పెట్టె మీద చూసుకోండి, అన్నిటికీ ఒకటే మాట కాదు.

చక్రం విప్పి పాత ట్యూబు తీయడం

వెనక చక్రమైతే గొలుసుని అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి మార్చి, రిమ్ము బ్రేకైతే దాన్ని వదులు చేసి, చక్రం విప్పండి. డిస్క్ బ్రేకైతే చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు లివరు నొక్కొద్దు, ప్యాడ్లు దగ్గరికొచ్చేసి డిస్క్ దూరదు.

మిగిలిన గాలంతా తీసేయండి. రిమ్ముకి వాల్వు నట్టు ఉంటే విప్పండి. తర్వాత చక్రం చుట్టూ రెండు వైపులా బొటనవేళ్లతో నొక్కుతూ టైరు అంచుని రిమ్ము గోడ నుంచి విడిపించి నడిమి గాడిలోకి తోయండి. ఈ అడుగు దాటేసి, టైరు అంచుని లేపే లివర్లతో కుస్తీ పట్టేవాళ్లే ఎక్కువ. టైరు అంచు చుట్టుకొలత సాగదు. రిమ్ము మధ్యన ఉన్న గాడి అంచు దగ్గరకంటే లోతుగా ఉంటుంది. అంచు ఒకవైపు గాడిలోకి దిగితేనే ఎదురు వైపు కాస్త వదులు దొరుకుతుంది. ఆ వదులు మీదే టైరు వస్తుంది, ఎక్కుతుంది.

వాల్వుకి జానెడు దూరంలో ప్లాస్టిక్ లివరు పెట్టి ఒక అంచుని పైకి లేపండి. వాల్వు దగ్గర ట్యూబు మందంగా ఉండి అంచుని గాడిలోకి దిగనివ్వదు కాబట్టి వదులు దాని ఎదురు వైపు నుంచే రావాలి. రెండో లివరు పది సెంటీమీటర్ల అవతల. అంచు కొంత బయటికి వచ్చాక లివరుని చుట్టూ జార్చేయొచ్చు. ఇనుప లివర్లు, స్క్రూడ్రైవర్లు వద్దు, రిమ్ము గీరుకుపోతుంది, ట్యూబు తెగుతుంది.

ట్యూబు బయటికి తీసేటప్పుడు ఏ వైపు కుడి, ఏ వైపు ఎడమ అన్నది గుర్తుంచుకోండి. కారణం వెతికేటప్పుడు దీని అవసరం పడుతుంది.

కొత్త ట్యూబు ఎక్కించడం

1. టైరు లోపల గుడ్డ ముక్కతో చుట్టూ తుడవండి. ముల్లో తీగ ముక్కో ఉంటే గుడ్డ పోగు దానికి చిక్కుకుంటుంది. వేలితో మొదలుపెట్టకండి, గాజు ఉంటే కోసుకుంటుంది. రిమ్ము టేపు స్పోకు రంధ్రాలన్నిటినీ పూర్తిగా కప్పిందో చూడండి.

2. టైరు ఒక అంచుని రిమ్ములోకి ఎక్కించండి. తిరిగే దిశ బాణం గుర్తు ఉంటే చూసుకోండి. టైరు మీది పేరు వాల్వు రంధ్రం పక్కనే వచ్చేలా పెట్టండి. అందానికి కాదు, తర్వాత ట్యూబులో రంధ్రం దొరికినప్పుడు టైరులో సరిగ్గా ఎక్కడ వెతకాలో తెలియడానికి.

3. ట్యూబు గుండ్రంగా నిలబడేంత గాలి, అంటే చేతి పంపుతో రెండు మూడు సార్లు కొట్టండి. అసలు గాలి లేకపోతే మెలికలు పడి అంచు కింద దూరుతుంది. ఎక్కువైతే టైరులో పట్టదు.

4. వాల్వుని రంధ్రంలో పెట్టి ట్యూబుని చుట్టూ టైరులోకి సర్దండి. వాల్వు వంకరగా కాక నిటారుగా ఉండాలి. నట్టు ఇప్పుడే బిగించొద్దు.

5. రెండో అంచుని వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో రెండు పక్కలా ఎక్కిస్తూ వాల్వు దగ్గర ముగించండి. వాల్వు దగ్గర మొదలుపెడితే అంచు అక్కడ గాడిలోకి దిగదు, చివర్లో కావలసిన వదులు దొరకదు.

6. చివరి జానెడు మొరాయిస్తుంది. అప్పుడు గాలి కొంచెం వదిలి, ఎదురు వైపు నుంచి టైరుని రెండు చేతులతో నొక్కుతూ అంచుల్ని మళ్లీ గాడిలోకి తోసుకుంటూ రండి. దొరికిన వదులునంతా మీ వైపుకి లాక్కుని, అరచేతి మడమలతో దొర్లించి ఎక్కించండి. మరీ బిగుతుగా ఉంటే అంచుకి కాస్త సబ్బు నీళ్లు రాయండి. లివరు వాడక తప్పకపోతే ఒకేసారి ఎక్కువ లేపకుండా కొంచెం కొంచెంగా, ట్యూబు దాని కింద లేదని చూసుకుంటూ వాడండి. కొత్త ట్యూబుకి మొదటి రంధ్రం ఎక్కువగా ఇక్కడే పడుతుంది.

7. వాల్వుని టైరులోకి పైకి ఒకసారి తోసి, మళ్లీ కిందికి లాగండి. దాని మందపాటి మొదలు కింద టైరు అంచు ఇరుక్కుని ఉంటే విడిపోతుంది.

8. చక్రం చుట్టూ రెండు వైపులా టైరుని పక్కకి నెట్టి చూడండి. అంచు కింద నుంచి ట్యూబు ఎక్కడా తొంగిచూడకూడదు.

9. 30 పీఎస్ఐ దాకా నింపి ఆపండి. చక్రం తిప్పి, రిమ్ము పక్కన టైరు మీద ఉండే సన్నటి గీత అంతటా ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి. ఒకచోట మునిగిపోయినా, ఉబ్బినా గాలి తీసి సరిచేయండి. అంతా సరిగా ఉంటేనే పూర్తిగా నింపండి.

ప్రెస్టా వాల్వులో గాలి కొట్టేముందు పైనట్టు తిప్పి, కొసని ఒక్కసారి నొక్కి "ప్స్" మనిపించండి, అతుక్కున్న సీటు విడుస్తుంది. కొట్టాక నట్టు మళ్లీ బిగించాలి. రిమ్ము దగ్గరుండే గుండ్రటి నట్టు వేళ్ల బిగువు చాలు. అది వాల్వుని కదలకుండా ఉంచడానికే, లేకున్నా గాలి నిలుస్తుంది. పట్టుకారుతో బిగిస్తే వాల్వు మొదలు చిరుగుతుంది.

ఎంత గాలి?

70-75 కిలోల వ్యక్తి మంచి రోడ్డు మీద 25 మి.మీ. టైరుకి 80 పీఎస్ఐ అటూఇటూ, 28కి 65-70, 32కి 52-58 నుంచి మొదలుపెట్టొచ్చు. బరువు ప్రతి 5 కిలోలకీ 3 నుంచి 5 పీఎస్ఐ మార్చండి. వెనక చక్రం మీద బరువు ఎక్కువ, అక్కడ ముందుకంటే మూడు నాలుగు ఎక్కువ ఉంచండి. తడి రోడ్డైతే కొంచెం తగ్గించండి. టైరు మీదా రిమ్ము మీదా రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిళ్లలో తక్కువదే హద్దు. అంచు కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ముకి ఆ హద్దు 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ. దాని మీద ట్యూబు వాడినా టైరు మాత్రం ట్యూబ్‌లెస్ రకమే అయి ఉండాలి.

"గట్టిగా ఉంటే వేగం" అన్న పాత నమ్మకం ఇంకా పోలేదు. గరుకు రోడ్డు మీద మరీ గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, దొర్లదు.

పంక్చర్ చెప్పే కథ

కారణం తెలియకుండా కొత్త ట్యూబు వేయకండి. ముల్లు టైరులోనే ఉంటే అది పది నిమిషాల్లో కొత్తదాన్నీ పొడుస్తుంది. దిగిన ట్యూబుకి గాలి కొట్టి చెవి దగ్గర, పెదవి దగ్గర చుట్టూ తిప్పండి, సన్నటి గాలి పెదవికి తెలుస్తుంది. దొరకకపోతే నీళ్లలో ముంచి బుడగలు చూడండి. రంధ్రం దొరికాక ట్యూబుని టైరు మీద, వాల్వు టైరు మీది పేరు పక్కనే వచ్చేలా పరిస్తే కారణం ఎక్కడుందో చూపిస్తుంది. ట్యూబు వైపులు మారిపోయి ఉంటే వాల్వుకి అటు అంత దూరంలోనూ, ఇటు అంత దూరంలోనూ రెండు చోట్లా చూడాలి.

రోడ్డు వైపు ఒక్క రంధ్రం ఉంటే గుచ్చుకున్నదేదో ఉంది. ముల్లు, గాజు కనిపిస్తాయి. అరిగిన లారీ టైర్ల నుంచి రాలే సన్నటి ఉక్కు తీగ ముక్క కనిపించదు. టైరుని లోపలి వైపు నుంచి బయటికి వంచితేనే కొస బయటపడుతుంది. ఒకే చోట మూడుసార్లు పంక్చర్ అయితే అనుమానం దీని మీదే పెట్టుకోండి.

పాము కాటులా పక్కపక్కనే రెండు గాట్లుంటే గుంత అంచుకి తగిలి టైరు రిమ్ము దాకా నొక్కుకుపోయింది, ట్యూబు మధ్యలో నలిగింది. గాలి తక్కువో, టైరు సన్నమో, లేక గుంతలోకి బరువంతా వేసి దిగారో. ఇక్కడ టైరులో వెతకడానికేమీ ఉండదు.

రిమ్ము వైపు రంధ్రముంటే టేపు జరిగింది, లేదా ట్యూబు స్పోకు రంధ్రంలోకి ఉబ్బి అంచుకి తెగింది. ట్యూబు మీద గుండ్రటి ముద్రలు కనిపిస్తాయి. ప్యాచ్ వేసి ఊరుకుంటే పక్క రంధ్రం దగ్గర మళ్లీ తెగుతుంది, టేపు మార్చాలి.

వాల్వు మొదట్లో చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబు పారేయాల్సిందే. నట్టు మితిమీరి బిగించడం, చిన్న పంపుని వాల్వుకి నేరుగా తగిలించి ఊపుతూ కొట్టడం, గాలి తక్కువతో తొక్కడం వల్ల టైరు రిమ్ము మీద జరిగి వాల్వుని వంకరగా లాగడం, ఇవీ కారణాలు. గొట్టం ఉన్న పంపు వాడితే రెండోది తప్పుతుంది.

పెద్ద చప్పుడుతో పగిలి, కొన్ని సెంటీమీటర్ల పొడవున చీలితే ట్యూబు టైరు బయటికి వచ్చి పేలింది. అంచు కింద ఇరుక్కుని ఉండొచ్చు, లేదా టైరు పక్కగోడ కోసుకుపోయి ఉండొచ్చు. గోడకి గాటు ఉంటే లోపల పాత టైరు ముక్కో, టూత్‌పేస్టు గొట్టం ముక్కో ఆసరాగా పెట్టి గాలి తగ్గించి ఇంటికి చేరండి. ఆ టైరు పని అక్కడితో సరి.

నీళ్లలో ముంచినా ఎక్కడా బుడగ రాకపోతే వాల్వు కొసన ఉమ్మి తడి పెట్టి చూడండి. కోర్ బిగిస్తేనే చాలాసార్లు సరిపోతుంది.

పంక్చర్ వేయడం

రంధ్రం చుట్టూ పెన్నుతో పెద్ద గుర్తు పెట్టండి. గాలి తీసి, ప్యాచ్‌కంటే కాస్త పెద్ద మేర ఉప్పుకాగితంతో నిగనిగ పోయేదాకా రుద్దండి. ట్యూబు పొడవునా ఉండే అచ్చు గీత ఆ మేరలో ఉంటే దాన్ని పూర్తిగా అరగదీయండి. మిగిల్చితే ప్యాచ్ కిందుగా గాలి ఆ గీత వెంబడే కారుతుంది. దుమ్ము తుడిచి సొల్యూషన్ పల్చగా, ఒకే పొరగా రాయండి.

ఇక ఓపిక పట్టాలి. సొల్యూషన్ తడిగా ఉండగా ప్యాచ్ వేయడమే ప్యాచ్ ఊడటానికి పెద్ద కారణం. ఇది జిగురు కాదు, రబ్బరుతో రసాయనికంగా కలిసే పదార్థం. దాన్లోని ద్రావణి ఆవిరైపోవాలి. అయిదు నిమిషాలు ఆగండి, మెరుపు పోయి మసకబారాలి. తర్వాత రేకు తీసిన వైపు చేయి తగలకుండా ప్యాచ్‌ని రంధ్రం మీద పెట్టి, మధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కండి. పైనున్న పల్చటి ప్లాస్టిక్ తీసేటప్పుడు అంచు లేస్తుంటే వదిలేయండి, ఉన్నా నష్టం లేదు. చుట్టూ మిగిలిన జిగట మీద టాల్కం పౌడరు చల్లండి, లేకపోతే టైరుకి అతుక్కుంటుంది. పరీక్షకని బయట ఉబ్బేలా గాలి కొట్టకండి, సాగే ట్యూబు మీద సాగని ప్యాచ్ లేచిపోతుంది.

ఒక ట్యూబుకి ఇన్ని ప్యాచ్‌లే అని లెక్క లేదు, ఒకదాని మీద ఒకటి పడనంత వరకు వేసుకోవచ్చు. స్టిక్కరులా అంటించే ప్యాచ్‌లు ఆ రోజు ఇల్లు చేరడానికే. ఒకసారి తెరిచిన సొల్యూషన్ గొట్టం కొన్ని నెలల్లో లోపల ఎండిపోతుంది, బయటికి వెళ్లేముందు నొక్కి చూడండి.

దారిలో

జీను కింద సంచిలో స్పేరు ట్యూబు, రెండు లివర్లు, ప్యాచ్‌లు, గొట్టం ఉన్న చిన్న పంపు చాలు. దూరం వెళ్తే రెండో ట్యూబు. రోడ్డు పక్కన ప్యాచ్ వేస్తూ కూర్చోకండి, ట్యూబు మార్చి ముందుకెళ్లి పాతదానికి ఇంట్లో ప్యాచ్ వేయండి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వేగంగా నింపుతుంది. 16 గ్రాములది 28 మి.మీ. టైరులో పూర్తిగా వదిలితే సుమారు 100 పీఎస్ఐ వస్తుంది, 25 మి.మీ. టైరులో దాదాపు 130. చాలా టైర్లకి అది ఎక్కువ, మధ్యలో ఆపాలి. 25కి 12 గ్రాములదే నయం. వాయువు బయటికి వస్తున్నకొద్దీ సిలిండరు చేతిని కాల్చేంత చల్లబడుతుంది, గుడ్డతో పట్టుకోండి. ఈ వాయువు బ్యూటైల్ రబ్బరులోంచి మామూలు గాలికంటే త్వరగా జారిపోతుంది, మర్నాటికి టైరు మెత్తబడుతుంది. అది పంక్చర్ కాదు. ఇంటికి రాగానే ఖాళీ చేసి మామూలు గాలి నింపండి.

ట్యూబ్‌లెస్ టైరు దారిలో మొరాయిస్తే దాన్లో ట్యూబు వేయొచ్చు. ముందు ట్యూబ్‌లెస్ వాల్వు విప్పాలి. తర్వాత లోపలంతా వెతకాలి. పంక్చర్లు మూయడానికి లోపల పోసే ద్రవం మూసేసిన ముళ్లు ఇంకా టైరులోనే ఉంటాయి, నెలలుగా గాలి పోకపోవడంతో అవి ఉన్న సంగతే మీకు తెలియదు. ఒక్కటి మిగిలినా ట్యూబు రెండో మలుపు దాటదు.

స్పేరు ట్యూబుని పెట్టెలోంచి తీసి, గాలి పూర్తిగా పిండి, వాల్వు మూత పెట్టి, పాత సాక్సులో చుట్టి ఉంచండి. సంచిలో పనిముట్ల పక్కన ఊరికే పడేస్తే నెలల తరబడి అదురుకి రాసుకుని, వాడకముందే రంధ్రం పడుతుంది. ఏడాదికోసారి బయటికి తీసి గాలి కొట్టి రాత్రంతా ఉంచి చూసి, మళ్లీ చుట్టి పెట్టండి.